తిరుగు టపా

ఇద్రియాలో ఉత్తరాలు పంచుతాను.
కొండ కడుపులోంచి ఐదువందల ఏళ్లు పాదరసం తోడి
అలసిపోయిన ఊరు ఇది.
గని మూతపడింది.
ఆడవాళ్లు మాత్రం ఇంకా కిటికీల పక్కన కూర్చుని
కర్రకండెలతో లేసు అల్లుతారు,
టకటక, టకటక,
వీధంతా అదే చప్పుడు.

రెండేళ్లకోసారి నా సంచిలోకి ఆ కవర్లొస్తాయి.
యాభై దాటిన ప్రతి మనిషికీ ఒకటి.
లోపల సన్నటి పుల్లలు, మూతల గొట్టాలు,
ఎలా తీయాలో బొమ్మలేసిన కాగితం.
శుభలేఖలా చేతికిస్తాను,
కరెంటు బిల్లులా పుచ్చుకుంటారు.

"ఇదేం పాడు పని, నెజ్కా!" అన్నాడు బోగొమిల్,
ముప్పై ఏళ్లు బోర్లా పడుకుని రాయి తొలిచినవాడు.
"కొండ లోపలికి దీపం పట్టుకెళ్లమంటే వెళ్లాను.
నా లోపలిది గొట్టంలో పెట్టి రాజధానికి పంపాలా?"
కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందని
వాళ్లమ్మ చెప్పిందట.
మూడు కవర్లు పొయ్యి రాజేయడానికి వాడాడు.
నాలుగోది పంపాడు.
లేసు దిండు మీంచి తలెత్తకుండా ల్యుద్మిలా
"అది పోయేదాకా ఆ పొయ్యి వెలగదు" అందని
ఊళ్లో ఒక మాట.

తిరుగు టపాలో,
పెన్షను కాగితాలకీ ఎవరిదో ప్రేమలేఖకీ మధ్య,
ఊరి గుట్టంతా భుజాన వేసుకుని
వంతెన దాటుతాను.
వాసన రాదు.
అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నా.

గనిలో ఒక మరుగుజ్జు ఉండేవాడట.
పైకప్పు కూలేముందు
గోడ మీద మూడుసార్లు తట్టేవాడట.
విన్నవాళ్లు పైకొచ్చారు.
విననివాళ్ల పేర్లు రాతి మీదున్నాయి.
కంటికి ఆనని నెత్తురు కూడా
అంత మెల్లగానే తడుతుందంటుంది
లుబ్లియానా ల్యాబులో పనిచేసే మా చెల్లెలి కూతురు.
ఎక్కువమందిలో ఏ చప్పుడూ ఉండదు.
చప్పుడైన ప్రతిచోటా కప్పు కూలదు.
జ్దెంకా నెల్లాళ్లు నిద్రపోలేదు,
తీరా లోపలికి చూస్తే మొలలు.
నవ్వింది, ఏడ్చింది,
కవరు తెచ్చిన పాపానికి నా మీద అరిచింది.

మరి జ్ద్రావ్‌కో?
పేరులోనే ఆరోగ్యం పెట్టుకున్నవాడు.
అతని కాగితం మీద "ఏమీ కనిపించలేదు" అనే ఉంది.
ఆ కాగితం ఇచ్చింది నేనే.
పద్నాలుగు నెలలకి
చర్చి పక్క బోర్డు మీద నల్లంచు మధ్య అతని పేరు.
ఆ పొద్దున మరుగుజ్జు నిద్రపోయాడో,
పుల్ల తగిలిన చోట నెత్తురే లేదో.
వాళ్లింటి గేటు
ఇప్పటికీ కిర్రుమనకుండా తీస్తాను.

బోగొమిల్ లోపల శనగగింజంత బొడిపె దొరికింది.
దీపమున్న తాడు పంపి
ఉచ్చు వేసి తెంపేశారు.
వదిలేస్తే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు.
ఏమీ కాకపోనేమో.
"ఏమైంది?" అంటే
"ఏం కాలేదు" అంటాడు, కాస్త నిరాశగా,
గనిలోంచి ఉత్త చేతుల్తో పైకొచ్చినవాడిలా.

ఇన్ని కవర్లు మోశావు, ఏం లాభమంటే
ఆ బోర్డు చూపిస్తాను.
నల్లంచు కాగితాల పక్కన
ఖాళీగా ఉన్న మేకులు.
వాటిలో ఒకటి ఎవరిదో అయ్యుండాలి.
ఎవరిదని అడిగితే మాత్రం చెప్పలేను.
ఆ మనిషి ఇవాళ బజార్లో
బంగాళాదుంపల దగ్గర బేరమాడుతూ ఉంటాడు,
తనకేం తప్పిందో తెలియకుండా,
తూకం తక్కువైందని గొడవపడుతూ.

మొన్న కట్ట విప్పితే ఒక కవరు మీద నా పేరు.
యాభై నిండాయి.
నా గడపకి నేనే బట్వాడా చేసుకున్నాను.
ఊరందరికీ చెప్పిన నోరు ఇది.
నాలుగు రోజులుగా అది వంటింటి బల్ల మీదే ఉంది.
కిటికీ గాలికి ఎగిరిపోకుండా
దాని మీద ఉప్పు డబ్బా పెట్టాను.